అన్నయ్య సంతకం కోసం మద్దేడ్ దాకా

బస్తర్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ చిత్రకోట జలపాతం ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చూడలేదు. గుహలూ చూడలేదు. అమ్మవారి గుడి ముందు నుంచి ఆటోలో రెండుసార్లు పోయాను, దిగలేదు. నేను చూసింది సంతలు, బస్టాండ్లు, చింతపండు గోదాములు, చివరికి ఒక పెంకుటిల్లు. అయినా ఈ ప్రయాణం గురించి రాయాలనిపిస్తోంది. సొంత రాష్ట్రం విడిచి ఏడాదిలో సగం రోజులు వేరేచోట బతికే పెద్దవాళ్లు నేననుకున్నదానికంటే చాలామంది ఉన్నారు. వాళ్లకి జబ్బు చేస్తే ఏ కార్డు ఎక్కడ పనిచేస్తుందో వాళ్లకే సరిగ్గా తెలియదు. మా అన్నయ్యకీ తెలియదనుకుని బయల్దేరాను.

సాలూరు

మా అన్నయ్య పేరు నరసింహం. అరవై ఏడేళ్లు. వదిన పోయి ఇరవై ఏళ్లు దాటింది, పిల్లలు లేరు. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన కూడా లేరు. అన్నయ్యా నేనూ సాలూరులో పక్కపక్క వీధుల్లో ఉంటాం. ఉంటాం అంటే, వానలు మొదలైనప్పటి నుంచి చలి ముదిరేదాకా ఉంటాడు. తర్వాత చింతపండు కొనుగోలుకి బస్తర్ పోతాడు. మళ్లీ తొలకరికే రావడం. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఒక షావుకారు తరఫున సంత సంతకీ తిరిగి సరుకు చూసి, తూకం వేయించి, లారీ ఎక్కిస్తాడు.

నిరుడు ఆ సీజన్లోనే గుండెల్లో నొప్పి వచ్చింది. తెల్లవారుతూనే జీపులో బయల్దేరినవాడు పొద్దుగుంకాక విజయనగరం చేరాడు. దారిలో పెద్దాసుపత్రులు దాటుకుని వచ్చాడు. ఎందుకలా చేశావని అడిగితే, "నా కార్డు మన రాష్ట్రంలోనే గదా చెల్లుతాది" అన్నాడు. గుండెకి స్టెంటు వేశారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. తొమ్మిది రోజులు నేనే పక్కన ఉన్నాను. ఈ ఏడు వెళ్లకు అన్నయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో. ఓ పొద్దున్న చూస్తే తలుపుకి తాళం ఉంది.

ఫోను చేస్తే ఎత్తడు, లేదా అందదు. నెల తిరిగేసరికి నాకు కాలు నిలవలేదు. దేశంలో ఎక్కడైనా పనిచేసే బీమా తీసుకుందామని ఒక ఏజెంటుని కలిశాను. పుట్టినరోజు దాటితే ప్రీమియం ఇంకో మెట్టు ఎక్కుతుందన్నాడు. అన్నయ్య పుట్టినరోజుకి పన్నెండు రోజులే ఉన్నాయి. ఫారం తనే నింపాడు. పాత జబ్బుల దగ్గర "లేదు" అని టిక్కు పెట్టాడు.

"నిరుడు స్టెంటు వేశారండీ" అన్నాను.

"రాస్తే తీసుకోరు మేడమ్. తీసుకున్నా గుండె జబ్బుకి మూడేళ్లు ఆగమంటారు. నాన్నగారి సంతకం పెట్టించి తెచ్చేయండి."

"మా అన్నయ్య" అన్నాను. టిక్కు గురించి మాత్రం మాట్లాడలేదు. ఫారం ఫైల్లో పెట్టుకుని మర్నాడు పొద్దున్న జగదల్‌పూర్ బస్సెక్కాను.

ఘాటీ మలుపుల్లో పక్కనున్నావిడ కిటికీ దాకా రాలేక నా ఒళ్లోకే కక్కుకుంది. చీర పోయినా ఫైలు దక్కింది. దాన్ని పైన సామాన్ల అరలో పెట్టి, కోరాపుట్ వచ్చేదాకా పదిసార్లు లేచి చూసుకున్నాను. నాలుగోసారికి కండక్టరు, "అందులో బంగారం ఏమన్నా ఉందా అమ్మా?" అన్నాడు.

జగదల్‌పూర్

జగదల్‌పూర్‌లో మేరీరత్నం గారింట్లో దిగాను. ఆవిడ మా పోస్టాఫీసులో పనిచేసినాయన అక్కగారు. కొత్తవలస మనిషి. పెళ్లయి వచ్చి నలభై ఏళ్లుగా కిరండూల్ రైల్వే లైను మీదే ఉన్నారు. వాళ్లాయన ట్రాకు మీద పనిచేసి, రిటైరై, పోయారు. కొడుకు కూడా రైల్వేలోనే. స్టేషను దగ్గర రెండు గదుల ఇల్లు. పక్కింటివాళ్లతో హిందీ, కూరలమ్మే మనిషితో ఇక్కడి హల్బీ, నాతో అచ్చం కొత్తవలస తెలుగు. ఒక గడపలో నిలబడి మూడూ మాట్లాడేశారు.

ఎండురొయ్యలూ వంకాయా కలిపి వండారు. నాలుగు ముద్దలు దిగాక నా పని చెప్పాను.

"నాకైతే రైల్వే కార్డుంది వదినగారూ. ఆయన పోయినా కార్డు పోలేదు. నెలకోపాలి బండెక్కి విశాఖపట్నం ఎల్తాను. ఆసుపత్రిలో చూపించుకుని మందులు తెచ్చుకుంటాను. వానల్లో కొండ జారి లైను మూసీసినప్పుడే భయమేస్తాది."

"కొత్తవలస వెళ్లిపోతే ఆసుపత్రి దగ్గరే కదండీ."

"దగ్గరే. కానీ అక్కడ నాకెవరు తెలుసండీ? ఆదివారం ప్రార్థనకి వెళ్లకపోతే ఇక్కడ నలుగురు ఇంటికొచ్చి అడుగుతారు." నా కంచంలో ఇంకాస్త కూర వేస్తూ, "మందులు అక్కడ, మనుషులు ఇక్కడ. ఏటి చేస్తాం" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు. అన్నయ్య ఎక్కడున్నాడన్నదే నా గోల. అన్నం తిన్న చెయ్యి ఆరకుండానే ఆటో మాట్లాడుకుని మండీకి పోయాను.

చింతపండు మండీ అంటే మన దగ్గర నాలుగు బస్తాలు పేర్చిన కొట్టు ఊహించుకోవద్దు. గోదాముల్లో కొండల్లా పోసి ఉంటుంది. పులుపు వాసనకి గేటు దగ్గరే నోట్లో నీళ్లూరతాయి. ఒక షెడ్డు నిండా ఆడవాళ్లు కూర్చుని చిన్న కర్రతో కొట్టి గింజ తీస్తున్నారు. గింజ తీసిన పండుని ఇక్కడ ఫూల్ అంటారు. పువ్వు అన్నమాట. మనం కొట్లో గింజా పీచూ కలిపి కొనుక్కుంటాం, వీళ్లు ఆ పువ్వుని పెట్టెలకెత్తి దూరదేశాలకి పంపుతారు.

గోదాము గుమస్తాని అడిగితే, "నర్సిం దాదా? తోంగ్‌పాల్ గయే" అన్నాడు. నిన్ననే వెళ్లాడట. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. "ఏక్‌దమ్ ఫిట్" అంటూ నా వంక విచిత్రంగా చూశాడు.

తోంగ్‌పాల్

తెల్లారగానే సుక్మా వైపు వెళ్లే బస్సెక్కాను. మేరీరత్నం గారు ఇంకో రోజు ఉండమన్నారు. ఉంటే నిద్ర పట్టేది కాదు. దర్భా దాటాక రెండు పక్కలా అడవి. ఇప్పచెట్ల కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. రాలిన పువ్వులు మట్టి అంటకుండా ఏరుకోవడానికట. బుట్టలు పట్టుకుని వంగి ఏరుతున్న ఆడవాళ్లలో నా వయసు వాళ్లు చాలామంది కనిపించారు.

ఒక పోలీసు క్యాంపు ముందు బస్సాపి సంచులు చూశారు. నా ఫైలు తెరిచిన జవాను ఫారం తిప్పి తిప్పి చూసి, బీమా ఏజెంటువా అమ్మా అని అడిగాడు. కాదు, అన్నయ్య కోసం అన్నాను. ఆయన వయసెంత అన్నాడు. చెప్పాను.

"సత్తర్ హోనే దో" అన్నాడు. డెబ్బై నిండనివ్వమని. వాళ్ల నాన్నకి డెబ్బై నిండగానే కేంద్రం కార్డు వచ్చిందట. ధనికా పేదా అని చూడరట, వేరే రాష్ట్రంలో కూడా ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్లొచ్చట. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోమని మరీ చెప్పాడు. మా అన్నయ్యకి డెబ్బై రావడానికి రెండేళ్లు. ఆ రెండేళ్లు ఎలా దాటించాలన్నదే నా బాధ. అతను ఫారం మడత పడకుండా ఫైల్లో పెట్టి ఇచ్చాడు.

తోంగ్‌పాల్‌లో ఆ రోజు సంత. రోడ్డు పక్కన చింతపండు గంపలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. కొనేవాళ్లు ఎలక్ట్రానిక్ కాటాలు పరిచారు. నేను కాటా కాటాకీ పోయి మొహాలు చూశాను. అన్నయ్య లేడు. ఎండ నెత్తికెక్కింది. పొద్దున్న వేసుకోవాల్సిన బీపీ మాత్ర గుర్తొచ్చి సంచిలో వెతికితే, డబ్బా మేరీరత్నం గారింట్లో కిటికీలోనే ఉండిపోయింది. ఫైలుని పదిసార్లు చూసుకున్నదాన్ని, మాత్రల్ని ఒక్కసారీ చూసుకోలేదు.

కళ్లు తిరిగి ఒక టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాను. కొట్టావిడ నీళ్లిచ్చి, తన కూతురి స్కూటీ మీద ఎక్కించి ఆరోగ్య కేంద్రానికి పంపింది. నేనూ పరాయి రాష్ట్రంలో ఉన్న పెద్దదాన్నే కదా, ఏం కార్డు అడుగుతారో, ఏం చెప్పాలో అని దారంతా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. నర్సు పేరూ ఊరూ రాసుకుంది, బీపీ చూసింది, మూడు రోజులకి మాత్రలిచ్చింది. ఏ కార్డూ అడగలేదు. చిన్న జబ్బుకి కార్డు అక్కర్లేదు. పెద్ద జబ్బుకే ఈ తంటా అంతా.

తిరిగొచ్చి టీ కొట్లోనే అన్నం తిన్నాను. పక్కన ఎర్రటి పచ్చడి వేసింది. పుల్లగా కారంగా బావుంది, చింతపండు పచ్చడే అనుకుని రెండోసారి వేయించుకున్నాను. ఆకులో ఏదో చిన్న కాలు కనిపించి ఏమిటని అడిగితే, "చాపడా" అంది. ఎర్రచీమలు. అప్పటికే సగం లోపలికి పోయాయి. ఆవిడ నవ్వుతుంటే మిగతాదీ తినేశాను.

వెళ్లేముందు అన్నయ్య పేరు చెప్పి అడిగాను. ఆవిడకి బాగా తెలుసు.

"నర్సిం దాదా? ఘర్ గయే. కల్ హీ."

నిన్ననే ఇంటికెళ్లాడా. నా ప్రాణం లేచొచ్చింది. నేను ఇటు వస్తుంటే అతను అటు సాలూరు పోయాడన్నమాట. "సాలూరా?" అన్నాను.

"నహీ. మద్దేడ్. బీజాపూర్ కే ఆగే. ఘర్‌వాలీ హై నా వహాఁ."

సాలూరు కాదు, బీజాపూర్ అవతల మద్దేడ్ అట. ఘర్‌వాలీ అంటే ఇల్లాలు. ఆ మాట హిందీలో ఇంకేదైనా అర్థం ఇస్తుందేమోనని కాసేపు ఆలోచించాను. ఇవ్వదు.

బీజాపూర్ దారిలో

మళ్లీ జగదల్‌పూర్ వచ్చి, మేరీరత్నం గారింట్లో మాత్రలు తీసుకుని, మర్నాడు గీదం మీదుగా బీజాపూర్ బస్సెక్కాను. ఆవిడకి విషయం చెప్పలేదు. అసలు ఎవరికి ఏమని చెప్పాలి? ముప్పై ఏళ్లలో మా అన్నయ్య చొక్కా గుండీ ఊడితే నేను కుట్టాను. వానాకాలమంతా రెండుపూటలా నా చేతి అన్నం తింటాడు. ఆ మనిషికి ఇంకోచోట ఇల్లాలుందని టీ కొట్టావిడకి తెలుసు, నాకు తెలియదు.

ఆ దారి నాకు సరిగ్గా గుర్తు లేదు. సాల చెట్లు, ఎర్రమట్టి, మళ్లీ క్యాంపులు, భైరమ్‌గఢ్‌లో ఉప్పువేసిన కీర దోసకాయ పది రూపాయలు. సీట్లో ఎటు కూర్చున్నా కుదురు లేదు. దిగి వెనక్కి పోదామా అని రెండుసార్లు అనిపించింది. బీజాపూర్‌లో బస్సు మారాను. ఎక్కగానే కండక్టరు, "ఏంది పెద్దమ్మా, ఏడికి?" అన్నాడు. మూడో రోజుకి మళ్లీ దారిలో తెలుగు వినపడింది. మనది కాదు, గోదావరి అవతలి తెలుగు. అయినా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అతనికి అర్థం కాక చిల్లర తర్వాత తీసుకుంటానన్నాడు.

వెనక సీటులో ఒక రైతు ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. తుంటి ఎముకట. ఇక్కడి కార్డుంటే బీజాపూర్, జగదల్‌పూర్ ఆసుపత్రులు. గోదావరి వంతెన దాటి వరంగల్ పోతే మాట తెలిసిన డాక్టర్లు, కానీ చేతి డబ్బులు. "మాట దిక్కు పోవాల్నా, కార్డు దిక్కు పోవాల్నా, గదే సమజ్ అయితలేదు" అన్నాడు.

మద్దేడ్

రోడ్డు మీద దిగి, చింతపండు కొనే నరసింహం ఇల్లెక్కడ అని అడిగితే, "సమ్మక్క ఇల్లా?" అని చూపించారు. చిన్న పెంకుటిల్లు. వాకిట్లో చాప మీద ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. తియ్యటి మత్తు వాసన. దాని పక్కన మా అన్నయ్య గోచీ పోసి కట్టిన పంచెతో కూర్చుని చింతకాయ పెచ్చులు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చున్నాడు.

"ఏటే చిట్టీ, ఇంత దూరం వచ్చీసినావు?"

"నువ్వెంత దూరం వచ్చీసినావో చూద్దామని."

లోపల్నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతికి పిండి అంటి ఉంది. నన్ను చూసి, అన్నయ్యని చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "కాళ్లు కడుక్కో అమ్మా. మస్తు దూరం నుంచి వచ్చినవ్" అంది.

ఆవిడే సమ్మక్క. భర్త పోయాడు, రెండెకరాల చేను, అడవి సరుకు. పెళ్లయిన ఒక కూతురు భోపాలపట్నంలో ఉంది. ఆరేళ్ల కిందట ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, మేకని కోసి భోజనాలు పెట్టి, అన్నయ్యా ఆవిడా ఒక ఇంటివాళ్లయ్యారు. ఇదంతా అన్నయ్య నేల చూస్తూ నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు. అరవై దాటి పెళ్లేటని నవ్వుతారు గదా."

"నేను నవ్వుతానా?"

నిజం చెప్పాలంటే, నవ్వకపోయినా నలుగురిలో తల దించుకునేదాన్నే. అది అతనికి తెలుసు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. సంచిలోంచి ఫారం తీసి అతని ముందు పడేశాను.

"సంతకం పెట్టు. నేను పోతాను."

అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని ఫారం మొదటినుంచి చదివాడు. ముప్పై ఏళ్లు సరుకు చూసిన మనిషి, ఊరికే సంతకం పెట్టడు. పాత జబ్బుల దగ్గర ఆగాడు.

"లేదని ఎవరు కొట్టారు?"

"ఏజెంటు."

"నువ్వూరుకున్నావా?"

ఊరుకున్నాను. "ఉందని రాస్తే మూడేళ్లు ఆగమంటారట" అన్నాను.

"లేదని రాస్తే, రేపు నిజంగా నొప్పొచ్చినప్పుడు వాళ్లు విజయనగరం కాగితాలు తియ్యరా? డబ్బూ పోద్ది, మాటా పోద్ది." ఫారం మడిచి నా చేతికిచ్చాడు. "దిద్దు. దిద్దాక పెడతాను."

అంతదాకా గుమ్మంలో నిలబడ్డ సమ్మక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నేనొక మాట చెప్తా, కోపం చెయ్యకు. పోయినేడు నొప్పి ఈడనే వచ్చింది. గా అరుగు మీదనే పడ్డడు. నేనే జీపు ఎక్కిచ్చిన. జగదల్‌పూర్‌ల దిగు అని చెప్తే ఇనలే, నా కార్డు ఈడ చెల్లదు అన్నడు. నేనొస్త అంటే వద్దన్నడు, మా చెల్లెకు తెల్వదు అన్నడు. తొమ్మిది దినాలు బతికిండో లేదో తెల్వలే నాకు. పక్కింటి పోరి ఫోనుకెల్లి దినాం చేసిన. ఒక్కసారి మోగింది, ఎవరో కట్ చేసిన్రు. మల్ల బందే వచ్చింది."

నా చేతిలో ఫారం అలాగే ఉండిపోయింది.

అప్పుడు అన్నయ్య ఫోను నా దగ్గరే ఉంది. ఆసుపత్రిలో అన్నయ్య వస్తువులన్నీ నా సంచిలోనే వేసుకున్నాను. రెండో రోజు మోగింది. తెర మీద "మద్దేడ్ కాటా" అని వచ్చింది. తూకం వాళ్లకి ఇప్పుడు కూడా వ్యాపారమేనా అని విసుక్కుని ఫోను ఆపేశాను. అన్నయ్య ఇంటికొచ్చేదాకా మళ్లీ ఆన్ చెయ్యలేదు.

చెప్పకుండా ఉండొచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలియదు. కానీ ఆ ఇంటి వాకిట్లో ఇంకో అబద్ధం పెట్టబుద్ధి కాలేదు. "కట్ చేసింది నేనే" అన్నాను. "కాటా అని ఉంది. వ్యాపారం వాళ్లనుకున్నాను."

సమ్మక్క అన్నయ్య వైపు తిరిగి, "నా పేరు కాటా అని రాసినవా?" అంది.

ఆవిడ లేచి లోపలికి పోయింది. లోపల గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు. కాసేపటికి జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు తెచ్చి నా ముందు పెట్టింది. అన్నయ్యకి పెట్టలేదు. ఆయనే లేచి వడ్డించుకున్నాడు.

తిన్నాక అసలు సంగతి బయటపడింది. సమ్మక్కకి ఇక్కడి రేషన్ కార్డుంది, దాని మీద ఆసుపత్రి కార్డు కూడా. అన్నయ్య పేరు అందులో ఎక్కించమని ఏడాదిగా అడుగుతోంది. పంచాయతీ సచివ్, అంటే సెక్రటరీ, సరేనన్నాడు. అయితే ముందు సాలూరు రేషన్ కార్డులోంచి పేరు తీసేసినట్టు కాగితం కావాలన్నాడు. రెండు రాష్ట్రాల్లో పేరుండకూడదు.

"తీయించెయ్యొచ్చు కదా" అన్నాను.

"తీయించితే సాలూరులో నాకేం మిగల్దు గదే. కార్డే గదా అక్కడ నేనున్నట్టు గుర్తు." అన్నయ్య అరుగు చివర కూర్చుని దూరంగా చూస్తూ అన్నాడు. "ఉంచితే ఈవిడికి మాటివ్వలేను. అందుకే ఓ చోట కుదురుగా ఉండకుండా సంతలు పట్టుకుని తిరుగుతున్నాను."

మూడు రోజులుగా నేను తిరుగుతున్నదీ అదే తిరుగుడు. నేను లెక్క చెప్పడం మొదలుపెట్టాను. పోస్టాఫీసు అలవాటు. బీమా కంపెనీకి నిజం రాస్తే గుండెకి మూడేళ్లు దిక్కులేదు. ఆ లోపల కేంద్రం కార్డు ఎలాగూ వస్తుంది. సాలూరు కార్డు పనికిరావాలంటే సీజన్ మానుకుని అక్కడే ఉండాలి. ఈ కార్డు తీసుకుంటే జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో దిగొచ్చు. మద్దేడ్ నుంచి అది ఐదు గంటలు.

"ఐదు గంటలు తక్కువేం కాదు" అన్నాను.

"తక్కువ కాదు" అంది సమ్మక్క. "కానీ ఈసారి నేను బండిల పక్కన కూసుంట. అడిగినోనికి నేను ఎవరో చెప్త. పోయినేడు గది లేకుండె."

ఫారంలో "లేదు" కొట్టేసి "ఉంది" అని దిద్ది, ఇంకా కింద వయసూ బరువూ సరిచూసి మళ్లీ అన్నయ్యకిచ్చాను. ఆయన తీసుకోలేదు.

"వద్దులే చిట్టీ. ఈ రెండేళ్లకి సమ్మక్క కార్డు చాలు. డెబ్బై వచ్చినాక చూద్దాం. రేపు నీతో వస్తాను. ఆ పేరు తీయించేద్దాం."

మర్నాడు పొద్దున్న సమ్మక్క ఇప్పపువ్వు వేయించి బెల్లంతో దంచిన ఉండలు ఆకులో కట్టి ఇచ్చింది. నువ్వూ రారాదా అంటే, పువ్వు రాలే రోజులు, ఇప్పుడు కదిలితే ఏడాది పోతుందంది. బస్సు వస్తుంటే, వెంట తెచ్చుకున్న పక్కింటి పిల్లని చూపించి, నా చెయ్యి పట్టుకుని, "నీ నంబరు గీ పోరి ఫోన్ల ఎక్కియ్యి వదినె. మల్ల కట్ చెయ్యకు" అంది. ఎక్కించాను. నేను ఆ నంబరు నా ఫోన్లో పెట్టుకుంటూ పేరు దగ్గర కాసేపు ఆగి, సమ్మక్క వదిన అని రాసుకున్నాను. వయసులో నాకంటే చిన్నది.

మళ్లీ సాలూరు

అడిగేవాళ్ల కోసం నేను తెలుసుకున్నది చెబుతాను. వేరే రాష్ట్రంలో సగం ఏడాది ఉండేవాళ్లు ముందు తమ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఆసుపత్రిలోనే అడగాలి, పక్కవాళ్లని కాదు. బీమా ఫారంలో జబ్బు దాచకండి, ఏజెంటు చెప్పినా సరే. ఆధార్‌లో పుట్టిన తేదీ ఇప్పుడే చూసుకోండి. అన్నిటికంటే ముందు, మీకు నొప్పొస్తే ఎవరికి ఫోను చెయ్యాలో రెండు ఊళ్లలోనూ తెలిసి ఉండాలి. ఏజెంటుకి ఫోను చేసి పాలసీ వద్దన్నాను. కోపం వచ్చినట్టుంది, పెట్టేశాడు.

మేము దిగిన మర్నాడే వార్డు సచివాలయానికి పోయాం. కంప్యూటరు ముందు ఒక అమ్మాయి ఉంది. కార్డు చూసి, ఆధార్ చూసి, తీసేయమంటున్నది మీ పేరేనా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాడు అన్నయ్య.

"కారణం పెట్టాలి తాతగారూ. ఇక్కడ మూడే ఉన్నాయి. మరణం, వలస, పెళ్లి." తనే నవ్వి, "వలస అని పెట్టేస్తాను" అంది.

నేను సరేననబోయాను.

"కాదమ్మా" అన్నాడు అన్నయ్య. "పెళ్లి అని పెట్టు."

ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "అది పెళ్లయి అత్తారింటికి పోయే ఆడపిల్లల కోసం తాతగారూ."

"నేనూ అక్కడికే పోతున్నాను."

అమ్మాయి నావైపు చూసింది, ఈయనకి ఒంట్లో బాగుందా అన్నట్టు. నేను తల ఊపాను. ఆమె పెళ్లి మీద నొక్కింది. వేలిముద్ర యంత్రం ముందుకి జరిపింది. ఇన్నేళ్లు చింతపండు పులుపు తగిలిన వేళ్లు, రెండుసార్లు పెట్టినా తీసుకోలేదు. చీర కొంగుతో తుడిచి మూడోసారి నేనే అన్నయ్య బొటనవేలు పట్టుకుని నొక్కాను. పచ్చదీపం వెలిగింది.

"ఎప్పుడైంది తాతగారూ పెళ్లి?" కాగితం ప్రింటవుతుంటే అడిగింది.

"ఆరేళ్లయింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

అన్నయ్య కాగితం అందుకుని, సంతకం ఎక్కడుందో సిరా ఎక్కడ తడిగా ఉందో సరుకు చూసినట్టు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదమ్మా."